బకరాయే హీరో

ఇన్‌సెప్షన్ సినిమా 2010లో వచ్చింది. కలల్లోకి దూరి రహస్యాలు దొంగిలించే కాబ్‌కి, వ్యాపార వారసుడు రాబర్ట్ ఫిషర్ మనసులో ఒక ఆలోచన నాటే పనిని (దాని పేరే ఇన్‌సెప్షన్) పోటీ కంపెనీ యజమాని సైటో అప్పగించడం కథ. దాన్ని హీరోస్ జర్నీ (ఇల్లు వదిలి, కష్టాలు దాటి, మారి తిరిగొచ్చే నాయకుడి కథకు మెట్లు కట్టిన నమూనా) చట్రంలో బిగించి చూపించే విశ్లేషణలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఏది తెరిచినా అదే పట్టిక. కాబ్ ఇంటికి దూరమైన మనిషి, సైటో ఇచ్చిన పని అతనికి పిలుపు, మామగారు మైల్స్ గురువు, కలల అట్టడుగున ఉండే లింబో పాతాళం, చనిపోయిన భార్య మాల్ రాక్షసి, పిల్లల ముఖాలు అమృతం. పన్నెండు గళ్ళు, పన్నెండు టిక్కులు. గళ్ళు నిండిన మాట నిజమే. అంత సులువుగా నిండాయనే నాకు అనుమానం.

నా వాదన ఇది: ఆ ప్రయాణం మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా ఈ సినిమాలో ఉంది, కాకపోతే ఆ మెట్లెక్కినవాడు రాబర్ట్ ఫిషర్. విమానంలో నిద్రపోతూ మోసపోయినవాడు, అంటే బకరా. పైగా ఆ ప్రయాణం అతనికి తనంతట తాను తటస్థపడలేదు. కొందరు కూర్చుని, బోర్డు మీద గీసుకుని, రిహార్సల్ చేసుకుని, డబ్బు తీసుకుని అతని కోసం రాసిపెట్టారు. హీరోస్ జర్నీని వాడుకున్న సైన్స్ ఫిక్షన్ సినిమాలకు కొదవ లేదు. ఆ సరుకు ఎలా తయారవుతుందో, ఎక్కడ బెడిసికొడుతుందో మన ముందే విప్పి చూపించినందుకు నాకు ఈ సినిమా ప్రత్యేకం.

మెట్టు పీకి చూడటం

పురాణకథల పండితుడు జోసెఫ్ క్యాంప్‌బెల్ 1949లో చెప్పినవి 17 మెట్లు. క్రిస్టఫర్ వోగ్లర్ వాటిని 12కి కుదించాడు. స్టూడియో ఉద్యోగంలో ఉండగా అతను రాసిన ఏడు పేజీల నోటే 1992లో పుస్తకమై, స్క్రీన్‌ప్లే రాసేవాళ్ళ బల్లల మీదికి చేరింది. చిక్కేమిటంటే ఆ చట్రం రబ్బరులా సాగుతుంది. బయటికి వెళ్ళి తిరిగొచ్చిన ఎవరికైనా సరిపోతుంది. మర్చిపోయిన గొడుగు కోసం వెనక్కి వెళ్ళొచ్చినవాడికి కూడా పిలుపు, బద్ధకం, గడప, వాన, గొడుగు అని ఐదు మెట్లు కట్టేయొచ్చు. అందుకే గడి నిండిందా అని అడగటం దండగ. ఆ మెట్టు పీకేస్తే తర్వాతి సీన్లలో ఏది కూలిపోతుంది? అడగాల్సింది అది.

మ్యాట్రిక్స్ మీద ఈ పరీక్ష పెట్టి చూడండి. 1999 నాటి ఆ సినిమాలో, తన లోకమంతా యంత్రాలు అల్లిన భ్రమని ఇంకా తెలియని నియో ఆఫీసు కిటికీ అంచు మీద నిలబడి, ఫోన్‌లో మార్ఫియస్ చెప్పినట్టు చేయలేక వెనక్కి తిరుగుతాడు. పుస్తకంలో ఉన్నట్టే ‘పిలుపును కాదనడం’. ఆ సీను పీకేస్తే నియో ఏజెంట్ల చేతికి చిక్కడు. చిక్కకపోతే ఇంటరాగేషన్ గదిలో అతని నోరు పూడిపోదు, కడుపులోకి యంత్రపు పురుగు దూరదు. పురుగు లేకపోతే కారులో ట్రినిటీ దాన్ని బయటికి లాగే సీను ఉండదు. ఆ సీను లేకుండా మాత్రలు పట్టుకున్న మార్ఫియస్ ఎదురుగా నేరుగా కూర్చోబెడితే, అతను చెప్పేది నమ్మడానికి నియోకీ మనకీ ఆధారం దొరకదు. ఒక్క మెట్టు మీద నాలుగు సీన్లు నిలబడ్డాయి. అది బరువు మోస్తున్న మెట్టు.

ఇప్పుడు కాబ్. సైటో పని చెప్పగానే ‘అయితే వెళ్ళిపోతాను’ అని హెలికాప్టర్ దగ్గర్నుంచి నాలుగడుగులు వేస్తాడు, పిల్లల మాట వినపడగానే తిరిగొస్తాడు. ఆ నాలుగడుగులు కత్తిరిస్తే కథలో ఒక్క మర కూడా ఆగదు. మైల్స్‌ని తీసేస్తే, కలల్లోని కట్టడాలు గీసే విద్యార్థిని ఎరియాడ్నిని పరిచయం చేయడానికి ఇంకెవరో కావాలి, అంతే. ఇక కలల్లోకి గడప దాటడమంటే కాబ్‌కి డ్యూటీకి వెళ్ళినట్టు. మొదటి సీన్లకే అతను కలలో కలలోకి వెళ్ళి దొంగతనం చేస్తున్నాడు. ఇన్‌సెప్షన్ సాధ్యమేనా అని అందరూ తలలు పట్టుకుంటుంటే, ముందే చేసి నెగ్గి, చేతులు కాల్చుకున్నవాడు అతనొక్కడే. కొత్త లోకంలోకి అడుగుపెట్టే లక్షణాలేవీ అతనిలో లేవు. అక్కడి పాత కాపు.

కొత్తగా అడుగుపెట్టేది ఎరియాడ్ని. రెండు నిమిషాల్లో గీయాలి, విప్పడానికి నిమిషం పట్టాలి అని కాబ్ ఆమెకు చిక్కుదారి పరీక్ష పెడతాడు. మొదటి రెండూ చటుక్కున విప్పేస్తాడు. మూడోసారి ఆమె గుండ్రంగా గీస్తుంది, అతను ఇరుక్కుంటాడు. తర్వాత పారిస్ కేఫ్‌లో కూర్చోబెట్టి ‘మనం ఇక్కడికి ఎలా వచ్చాం?’ అని అడిగినప్పుడు ఆమెతో పాటు మనమూ గడప దాటతాం. కాబ్ మనసు పుట్టించిన మాల్ కలలో కత్తితో పొడిచాక ఈ పని వద్దని వెళ్ళిపోతుంది, ఉండబట్టలేక తిరిగొస్తుంది. పిలుపు, పరీక్ష, కాదనడం, ఒప్పుకోవడం అన్నీ ఆమెవి. కానీ ఆఖర్న ఆమె చేతికి ఏమీ రాదు. ఎయిర్‌పోర్టులో మిగతావాళ్ళతో పాటు ఓ చిరునవ్వు నవ్వి తప్పుకుంటుంది. మొదటి సగం మెట్లు మాత్రమే ఆమెకు ఇచ్చారు.

మూడు వాక్యాల కథ

మొత్తం మెట్లు ఎవరికి దక్కాయో తెలియాలంటే పారిస్ గోడౌన్‌లో జరిగే చర్చలు ఇంకోసారి వినాలి. ఈ ముఠా అచ్చం సినిమా యూనిట్‌లా ఉందని చాలామంది అన్నారు, దాన్ని వదిలేద్దాం. వాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో చూడండి. తండ్రి కంపెనీని చీల్చేయాలన్న ఆలోచన ఫిషర్‌కి తనకే పుట్టినట్టుండాలి. వ్యాపార కారణాలు పనికిరావు, రాజకీయ కారణాలు అసలే పనికిరావు. విషయాన్ని తండ్రీ కొడుకుల దాకా కుదించాలి. కలల్లో వేరేవాళ్ళ వేషం కట్టే ఈమ్స్, తండ్రి మీద ఫిషర్‌కున్న కోపాన్ని వాడుకుందామంటాడు. కాబ్ ఒప్పుకోడు. ద్వేషం కంటే ప్రేమకే బలమెక్కువ, ప్రతి మనిషీ సయోధ్య కోసం తపిస్తాడు, గుండె బరువు దిగాలి అంటాడు. ఇవి దొంగలు మాట్లాడుకునే మాటలేనా? రెండో అంకం కుదరక తల పట్టుకున్న రచయితల గదిలో వినపడే మాటలు.

కల, కలలో కల, దానిలో ఇంకో కల అని మూడు లెవెళ్ళు వేసుకుంటారు. అక్కడ కథ మూడు వాక్యాలకు దిగుతుంది. మొదటి లెవెల్లో, నాన్న అడుగుజాడల్లో నడవను. రెండో లెవెల్లో, నాకంటూ ఏదైనా నిర్మించుకుంటాను. మూడో లెవెల్లో, నేను తనలా కావాలని నాన్న కోరుకోలేదు. మొదటిది తిరుగుబాటు, రెండోది ఆశ, మూడోది అనుమతి. వరస మార్చి చూడండి. అనుమతి ముందే దొరికితే తిరుగుబాటుకు కారణమే ఉండదు, కథ మొదటి లెవెల్లోనే చల్లారిపోతుంది. ఆశ ముందొచ్చి తిరుగుబాటు తర్వాతొస్తే కొడుకు స్వార్థపరుడిలా కనిపిస్తాడు. ఒక్కో లెవెల్‌కి ఒక్కటే వాక్యం, ఆ వాక్యం పండేదాకా కిందికి దిగకూడదు. స్క్రీన్‌ప్లే రాయాలనుకునేవాళ్ళు గోడకు అంటించుకోదగ్గ క్రమశిక్షణ ఇది.

వాళ్ళు వేసుకున్న టైమూ చెప్పుకోవాలి. సినిమా లెక్కలో సిడ్నీ నుంచి లాస్ ఏంజెలెస్‌కి 10 గంటల ప్రయాణం. ముఠాలో మత్తుమందు తయారుచేసే యూసుఫ్ మందుతో ఒక్కో లెవెల్లో కాలం ఇరవై రెట్లు సాగుతుంది. మొదటి లెవెల్లో 200 గంటలు, అంటే వారం పైచిలుకు. రెండో లెవెల్లో ఆరు నెలలకు కాస్త తక్కువ. మూడో లెవెల్లో తొమ్మిదేళ్ళ పైమాటే, సినిమాలో పదేళ్ళని గుండుగుత్తగా చెప్తారు. ఒక మనిషి నిజంగా మారడానికి సరిపోయే కాలమే. తీరా దిగాక సైటోకి తూటా తగులుతుంది. ఈ మందు మీదుండగా కలలో చస్తే మెలకువ రాదు, లింబోలో పడతారు. పైగా ఫిషర్ మనసుకు ముందే శిక్షణ ఉండటంతో తుపాకులు పట్టిన కాపలా ఎదురొస్తుంది. ఇక తొందర మొదలు. యూసుఫ్ వ్యాన్‌ని వంతెన మీంచి దూకించే వేళకు మూడో లెవెల్లో వాళ్ళకు మిగిలింది గంట. పైన పది సెకన్లు, మధ్యలో మూడు నిమిషాలు, కింద గంట. ఇరవైతో గుణిస్తే లెక్క తప్పదు. పదేళ్ళలో రావాల్సిన మార్పును గంటలో రప్పించాలి. రెండున్నర గంటల్లో హీరోని మార్చాల్సిన ప్రతి రచయిత అవస్థా ఇదే.

గడప తనంతట తాను దాటాలి

ఇప్పుడు ఫిషర్ మెట్లు. అతని మామూలు లోకం మనకు చూపిస్తారు: చావుకు దగ్గరపడ్డ తండ్రి, పట్టించుకోని చూపు. చిన్నప్పుడు కాగితపు గాలిమర పట్టుకుని నాన్నతో దిగిన ఫొటోని మంచం పక్కన తనే పెట్టానని, ఆయన గమనించను కూడా లేదని ఫిషర్ చెప్తాడు. పిలుపు విమానంలో అందుతుంది. కాబ్ అతని పాస్‌పోర్టు తిరిగిచ్చి, ఆయన తండ్రి ఆత్మశాంతికి అంటూ మత్తు కలిపిన గ్లాసు అందిస్తాడు. (ఆ ఎయిర్‌లైన్‌నే సైటో కొనేశాడు. నిర్మాత అంటే అలా ఉండాలి.) మొదటి లెవెల్లో కిడ్నాప్ చేసి లాకర్ నంబరు చెప్పమంటే, అలాంటి లాకరే తెలియదంటాడు. పిలుపును కాదనడమంటే అది. ఈ కాదనడాన్ని పీకితే, తండ్రి కుడిభుజమైన బ్రౌనింగ్ వేషంలో ఈమ్స్ వచ్చి, ఇంకో వీలునామా ఉందని చెప్పే సీనుకు చోటే లేదు.

సరే, తెలియకపోతే తోచిన ఆరంకెలు చెప్పు అంటారు. తుపాకీ ఎదురుగా ఉంటే నోటికొచ్చినవి అంటాడు: 528491. అక్కణ్ణుంచి ఆ అంకెల్ని గమనించండి. రెండో లెవెల్లో హోటల్ బార్‌లో అమ్మాయి వేషంలో ఉన్న ఈమ్స్ వదిలి వెళ్ళిన ఫోన్ నంబరు అదే. వాళ్ళు వాడే గదులు 528, 491. మూడో లెవెల్లో లాకర్ తెరుచుకునేదీ దానితోనే. పాత కథల్లో నాయకుడికి పుట్టుమచ్చో జోస్యమో ఉంటుంది. ఇక్కడ ఫిషర్ నోరు జారిన అంకెల్నే ఏరుకుని అతని ముందు మూడుసార్లు పరిచారు. మూడోసారికి అవి అతని కంటికి నుదుటి రాతలా కనిపిస్తాయి. విధిని ఇంత చవగ్గా తయారుచేయొచ్చని ఇంత స్పష్టంగా చూపించిన సినిమా నాకు ఇంకొకటి తెలియదు.

గురువు వేషం కాబ్‌ది. దాని పేరు మిస్టర్ చార్ల్స్. నువ్వు కలలో ఉన్నావు, నీ మనసును కాపాడటానికి వచ్చిన భద్రతాధికారిని నేను అని హోటల్‌లో ఫిషర్‌తోనే చెప్తాడు. ఈ ఎత్తు కాబ్ సహచరుడు ఆర్థర్‌కి నచ్చదు, ఇదివరకు ఒకసారి వేస్తే ఎదుటివాడి మనసు తమను చీల్చి చెండాడిందని వాదిస్తాడు. అయినా కాబ్ వేస్తాడు. గ్లాసులో నీళ్ళు ఒరిగిపోవడం, బయట వాతావరణం తేడాగా ఉండటం చూపించి ఇవే రుజువులంటాడు. నిజానికి ఆ వాన మొదటి లెవెల్ వాన, ఆ ఒరగడం యూసుఫ్ వ్యాన్ మలుపులు తిరగడం. తమ కట్టడంలో పడ్డ పగుళ్ళనే సాక్ష్యంగా చూపించాడన్నమాట. రచనలో లోపం దాచలేకపోతే దాన్ని పాత్ర చేతే ఎత్తి చూపించి కథలో కలిపేసుకోవడం పాత చిట్కా. దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ చెప్పడం కష్టం.

ఈ నాటకమంతా ఎందుకంటే మూడో లెవెల్‌కి ఫిషర్‌ని ఎత్తుకుపోకూడదు, అతనే వస్తాననాలి. మొదటి లెవెల్‌కి మత్తుతో దించారు, రెండో దానికీ తెలియకుండానే దించారు. 528వ గదిలో మాత్రం బ్రౌనింగ్ మనసులో ఏముందో చూద్దాం పద అని కాబ్ అంటే, ఫిషర్ ఒప్పుకుని, చేయి చాచి కలల యంత్రం వైరు తగిలించుకుంటాడు. నిజానికి దిగుతున్నది తన మనసులోకే. నిజం చూడటానికి నియో ఎర్ర మాత్ర మింగడం ఎంతో, ఈ చేయి చాచడం అంత. మెట్టు పీకి చూడండి: బలవంతంగా దించిన మూడో లెవెల్ మంచు కోటలో దొరికిన వీలునామాను ఎవడు నమ్ముతాడు?

ఇక్కడ ఒక చిన్న సంఘటన ఉంది, కళ్ళు మూసి తెరిచేలోపు దాటిపోతుంది. రెండో లెవెల్లో బ్రౌనింగ్ నడుచుకుంటూ వస్తాడు. ఇది ఈమ్స్ వేషమా అని అనుమానం. కాదు. ఫిషర్ మనసు తనంతట తాను పుట్టించిన బ్రౌనింగ్. కాబ్ అతన్ని ఆపనివ్వడు, ఎలా ప్రవర్తిస్తాడో చూద్దామంటాడు. ఆ బ్రౌనింగ్ దొంగలా ప్రవర్తిస్తే, తాము నాటిన అనుమానం మొలకెత్తినట్టే. మొలకెత్తింది. అప్పటిదాకా ఈమ్స్ నటించిన పాత్రను ఇప్పుడు బకరా తనే రాసుకుంటున్నాడు. సినిమాలో అసలు ఇన్‌సెప్షన్ జరిగిన క్షణం నా లెక్కలో ఇదే, మంచు కోట తలుపు దగ్గర కాదు. రాసినవాళ్ళు పెన్ను కింద పెట్టారు, చదువుతున్నవాడు అందుకున్నాడు.

దెబ్బలు ఒకరికి, మార్పు ఒకరికి

చట్రం ప్రకారం కష్టాలు హీరో పడాలి. ఇక్కడ తేడా కొడుతుంది, పట్టికలు నింపేవాళ్ళు దీన్ని చూడరు. రైలు రోడ్డు మీదికి దూసుకొచ్చినప్పుడు, వ్యాన్ పల్టీలు కొట్టినప్పుడు, ఆర్థర్ కారిడార్ గోడల మీద కొట్లాడినప్పుడు ఫిషర్‌కి పెద్దగా పనేం లేదు. చాలా భాగం నిద్రపోతూనే ఉంటాడు. చెమటోడ్చింది యూనిట్. యూసుఫ్ ముందే దూకించేయడంతో వ్యాన్ రెయిలింగ్‌ని గుద్దిన మొదటి కిక్ (కలలోంచి లేపే కుదుపు) చేజారుతుంది, నీళ్ళను తాకే రెండో కిక్ ఒక్కటే మిగులుతుంది. వ్యాన్ గాల్లో ఉన్నంతసేపూ హోటల్‌లో బరువుండదు, బరువు లేనిచోట మనుషుల్ని పడేసి లేపడం కుదరదు. ఆర్థర్ వాళ్ళందర్నీ కట్టగట్టి లిఫ్టులో పెట్టి, పేలుడుతో లిఫ్టును నెట్టి కిక్ సృష్టిస్తాడు. (మరి మూడో లెవెల్లో బరువెందుకు పోలేదని అడక్కండి. అడిగితే సినిమా చూడలేం.)

ఫిషర్ పడ్డ నిజమైన దెబ్బ ఒక్కటే. గది గుమ్మం దాకా వచ్చాక మాల్ కాల్చేస్తుంది, చచ్చి లింబోలో పడతాడు. తిమింగలం కడుపు, చావు, తిరిగి పుట్టుక, ఏ పేరు పెట్టినా సరిపోతుంది. కానీ ఇది స్క్రిప్టులో లేదు. కాబ్ మనసులోంచి జొరబడ్డ మాల్ చేసిన పని. కథకు కావలసిన చావును రచయితలు రాయలేదు, దర్శకుడిలాంటి కాబ్ గాయం రాసింది. ఎరియాడ్ని లింబోలో అతన్ని మేడ మీంచి తోసేస్తుంది, పైన ఈమ్స్ షాకిచ్చి గుండె ఆడిస్తాడు. అప్పుడు లేచి ఆ గదిలోకి నడుస్తాడు. చావకుండా నేరుగా నడిచి వెళ్ళుంటే ఆ సీను అంత పండేదా? నాకు అనుమానమే. అంటే అంత పకడ్బందీ ప్రణాళిక కూడా ఒక ప్రమాదం కలిసిరాకపోతే తేలిపోయేదే.

ఒక్క మాట, ఒక గాలిమర

గదిలో తండ్రి మంచం మీద ఉంటాడు. ప్రాణం పోయే ముందు ఆయన కొడుకుతో అన్నట్టు మనకు ముందే తెలిసిన మాట ఒక్కటే, నిరాశ. ఫిషర్ ఆ మాటను గుండెల్లో మేకులా మోస్తున్నాడు. ఇక్కడ తండ్రి మళ్ళీ అదే మాట మొదలుపెడతాడు. అవును, నేను నీలా కాలేకపోయానని నీకు నిరాశ అని కొడుకు పూర్తిచేయబోతాడు. తండ్రి కాదంటాడు, నాలా కావాలని ప్రయత్నించావే, అందుకు అంటాడు. కొత్త సాక్ష్యం లేదు, ఫ్లాష్‌బ్యాక్ లేదు. మాట అదే, దేనికి నిరాశో అది మారింది. క్యాంప్‌బెల్ ‘తండ్రితో సయోధ్య’ అన్న మెట్టుకు సినిమాల్లో ఇంత పొదుపైన ఉదాహరణ అరుదు. లాకర్ తెరిస్తే వీలునామా, దాని పక్కన ఆ కాగితపు గాలిమర.

అక్కడ చాలామందికి కళ్ళు చెమరుస్తాయి. ఇదంతా ఒక పోటీ కంపెనీ యజమాని డబ్బిచ్చి చేయించిన మోసమని తెలిసి కూడా. నా వాదనకు అసలు పరీక్ష ఇక్కడే. అమృతం నాయకుడు తన జాతి కోసం తెచ్చేది కదా? ఇక్కడ లాభం సైటోది. అలాంటప్పుడు దీన్ని హీరో ప్రయాణం అనడం న్యాయమేనా, లేక దాని పేరడీ అనాలా?

గాలిమరను లాకర్‌లో ఎవరు పెట్టారన్న దాని మీద నా జవాబు చాలాసార్లు అటూ ఇటూ ఊగింది. ఫొటో సంగతి ముఠాకు తెలుసు కాబట్టి వాళ్ళే పెట్టించారనుకోవచ్చు. కానీ ఈ లోకం నియమం మొదట్లోనే చెప్తారు: కట్టేవాళ్ళు భద్రమైన చోటు ఒకటి కడతారంతే, బ్యాంకు లాకరో, జైలో. దాన్ని రహస్యాలతో నింపేది ఆ కలలోకి దింపిన బకరా మనసు. మంచు కోట ఎరియాడ్ని గీసింది, కల ఈమ్స్‌ది, మంచం మీది తండ్రి మాత్రం ఈమ్స్ వేషం కాదు. ఆ వేళకు ఈమ్స్ ఆ గది బయట ఉన్నాడు. కాబట్టి ఆ తండ్రిని, ఆ మాటను, నాకైతే ఆ గాలిమరను కూడా ఫిషరే తెచ్చుకున్నాడు. వాళ్ళు గది ఇచ్చారు, ఇతను క్షమాపణ తెచ్చుకున్నాడు. అందుకే అది పేరడీలా అనిపించదు. ప్రేక్షకుడు చేసేదీ ఇదే: తెర మీద తండ్రి పాత్ర ఉంటుంది, ఆ పాత్రలోకి ఎవరి నాన్నను వాళ్ళు తెచ్చుకుంటారు.

కాబ్ మాటేమిటి

ఇంత చెప్పాక కూడా కాబ్‌ని పక్కన పెట్టలేం, అది ఒప్పుకోవాలి. పాతాళానికి దిగి, చనిపోయిన భార్యను వదిలి రాగలిగినవాడు అతనే. నా కలలోని నువ్వు నీ నీడవు మాత్రమే, నీ అసలు లోతుపాతులు ఊహించే శక్తి నాకు లేదు అని మాల్‌తో అనే క్షణం సినిమాలోకెల్లా నిజాయితీ ఉన్న క్షణం. కానీ ఆ క్షణం దాటగానే మాల్‌ని కాల్చింది ఎరియాడ్ని. తర్వాత కాబ్ చేసింది లింబోలో సైటోని వెతికి తీసుకురావడం, అది మాట నిలబెట్టుకోవడం. అతను బయల్దేరినప్పుడు కోరుకున్నది ఇల్లు, చేరింది ఇల్లు. కొత్త జ్ఞానమేదీ తేలేదు, పాత బరువు ఒకటి దించుకున్నాడు. దాన్ని నేను ప్రయాణం అనను, ప్రాయశ్చిత్తం అంటాను.

ప్రాయశ్చిత్తం దేనికో గుర్తుచేసుకుంటే కథ ఇంకా చిక్కబడుతుంది. మాల్ మీద కాబ్ చేసింది మొదటి ఇన్‌సెప్షన్. లింబోలో వాళ్ళిద్దరూ యాభై ఏళ్ళు గడిపారు, ఆమె అదే నిజమనుకుని అక్కడే ఉండిపోవాలనుకుంది. ఆమె దాచుకున్న లాకర్ తెరిచి, అందులోని బొంగరాన్ని కాబ్ తిప్పి వదిలేశాడు. నీ లోకం నిజం కాదు, ఇంటికి వెళ్ళాలి. జాగ్రత్తగా వింటే ఇది అచ్చం ‘పిలుపు’. ఆమె నమ్మింది, రైలు పట్టాల మీద తల పెట్టింది, మేలుకుంది. అంతా పథకం ప్రకారమే జరిగింది. కానీ పిలుపు ఆగలేదు. నిజమైన ఇంట్లో, నిజమైన పిల్లల మధ్య కూడా నీ లోకం నిజం కాదు అని మోగుతూనే ఉంది. చివరికి హోటల్ కిటికీ అంచు మీంచి దూకేసింది.

చట్రాన్ని వాడేవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఇదే అనిపిస్తుంది. బయల్దేరదీయడం మీద పెట్టిన శ్రద్ధలో పావు వంతు కూడా తిరుగు ప్రయాణం మీద పెట్టరు. క్యాంప్‌బెల్ 17 మెట్లలో ఆరు తిరుగు ప్రయాణానివే, వోగ్లర్ దగ్గరికొచ్చేసరికి అవి మూడయ్యాయి, సినిమాల్లో ఒక్క షాట్ అవుతాయి. పిలుపు నాటడం తెలిసిన కాబ్‌కి దాన్ని ఆపడం తెలియదు. ఫిషర్ విషయంలో ద్వేషం బదులు ప్రేమను వాడటం అతను నేర్చుకున్న పాఠమే, కాదనను. కానీ అది పిలుపు రుచి మార్చడం. తిరిగొచ్చాక ఏమవుతుందన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

మ్యాట్రిక్స్ రెండో భాగం 2003లో ఈ అనుమానాన్నే బాహాటంగా అడిగింది. నియో మొదటివాడు కాదని, ఆరోవాడని, రక్షకుడి జోస్యమే యంత్రాలు జనాన్ని అదుపులో పెట్టడానికి అల్లిన కథని, ఆ భ్రమను కట్టిన ప్రోగ్రామ్ ఆర్కిటెక్ట్ చెప్తాడు. ఆలోచన పదునైనదే. కానీ దాన్ని టీవీ తెరల గదిలో కుర్చీలో కూర్చుని ఉపన్యాసంలా చెప్పడంతో, మొదటి భాగాన్ని గుండెలకు హత్తుకున్నవాళ్ళకు చెంపదెబ్బ తగిలినట్టయింది. ఇన్‌సెప్షన్ అదే మాటను ఉపన్యాసం లేకుండా చెప్పింది. మోసం ఎలా అల్లుతున్నారో మనకు ముందే చూపించి, అయినా మనల్ని ఏడిపించింది.

లగేజీ బెల్టు

ఆఖరి షాట్‌లో తిరిగే బొంగరం పడిందా లేదా, అంటే అది నిజమా కలా అన్న గొడవ జోలికి నేను వెళ్ళను. నాకు అంతకు ముందు షాట్లు కావాలి. విమానంలో సైటో కళ్ళు తెరుస్తాడు, కాబ్‌ని చూస్తాడు, ఫోన్ అందుకుంటాడు. బాకీ తీరింది. ఫిషర్ కంపెనీని నిజంగా చీలుస్తాడా అని ఎవరూ ఆగి చూడలేదు, సరుకు చేతికి అందకుండానే బిల్లు కట్టేశారు. మొదటి లెవెల్లో నది ఒడ్డున తడిసిపోయిన ఫిషర్, బ్రౌనింగ్ అనుకుంటూ ఈమ్స్‌తోనే, నాన్న నన్ను నాలా బతకమన్నాడు, అలాగే బతుకుతాను అన్న మాటే వాళ్ళకున్న ఏకైక రసీదు.

తర్వాత ఎయిర్‌పోర్టు. లగేజీ బెల్టు దగ్గర ఫిషర్ కాబ్ వైపు ఒకసారి చూస్తాడు. ఎక్కడో చూసినట్టుందే అన్న చూపు, పక్క సీటు ప్రయాణికుణ్ణి చూసే చూపు. కాబ్ మైల్స్ చేతుల్లో పడి ఇంటికి వెళ్ళిపోతాడు, కెమెరా అతని వెంటే వెళ్తుంది. తండ్రి అంత్యక్రియలకు బయల్దేరిన కొడుకు, తలలో ఒక ఆలోచనతో, అది తనదేనన్న పూర్తి నమ్మకంతో, సూట్‌కేసు కోసం బెల్టు దగ్గరే నిలబడి ఉన్నాడు.